వచ్చిన సందేశం, వెళ్ళిన సందేశం

1986 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో లెక్క 75 సెంట్లు తేడా వచ్చింది. అక్కడి కంప్యూటర్లను ఎవరు ఎంతసేపు వాడుకుంటే అంత డబ్బు కట్టాలి. ఆ వాడకాన్ని రెండు వేర్వేరు ప్రోగ్రాములు రాసుకునేవి. ఆ నెల రెండిటి లెక్కా కలవలేదు. ముప్పావు డాలరు కోసం బుర్ర బద్దలు కొట్టుకునేదెవరు? క్లిఫర్డ్ స్టోల్ కొట్టుకున్నాడు. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. పరిశోధన గ్రాంటు అయిపోతే కంప్యూటర్ విభాగంలో అప్పుడే చేరాడు. తవ్వగా తవ్వగా బిల్లు పంపడానికి చిరునామా లేని ఒక ఖాతా బయటపడింది. ఎవరో బయటివాడు లోపల తిరుగుతున్నాడు.

తిరిగేవాడు అల్లాటప్పా మనిషి కాదు, ఆ కంప్యూటర్ మీద సర్వాధికారాలూ చేజిక్కించుకున్నాడు. అంటే కంప్యూటర్ తనలో తాను రాసుకునే చిట్టాను వాడు చెరిపెయ్యగలడు. అందుకని స్టోల్ చిట్టాను కంప్యూటర్ బయట పెట్టాడు. ఒక వారాంతంలో, ఆఫీసు ఖాళీ అయ్యాక, తోటివాళ్ళ గదుల్లోని ప్రింటర్లూ టెలిటైపులూ చిన్న కంప్యూటర్లూ దొరికినవి దొరికినట్టు తోపుడుబండి మీద తెచ్చి, బయటినుంచి వచ్చే 50 లైన్లకు తగిలించాడు. అటునుంచి వచ్చిన ప్రతి అక్షరం, ఇటునుంచి వెళ్ళిన ప్రతి అక్షరం కాగితం మీద పడ్డాయి. చొరబాటుదారు లోపల ఎంత వెతికినా తనను ఎవరో గమనిస్తున్న జాడ వాడికి దొరకదు. నెలల తరబడి పోగుపడిన ఆ కాగితాల ఆధారంగానే జర్మనీలోని హానోవర్‌లో ఉన్న మార్కుస్ హెస్ దొరికాడు. అమెరికా సైనిక కంప్యూటర్లలో దొరికిన సమాచారాన్ని అతని బృందం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతోందని తేలింది.

గూఢచారిని పక్కన పెట్టి ఆ ప్రింటర్లను చూడండి. మధ్యలో కూర్చుని, ఎవరి మాటకూ అడ్డురాకుండా, వచ్చిందీ వెళ్ళిందీ రాసుకుపోవడమే వాటి పని. ఇవాళ రైలు టికెట్టు తీసుకున్నా, ఫోన్‌లో డబ్బు పంపినా తెర వెనక పదో పదిహేనో వెబ్ సర్వీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ప్రతి దాని పక్కనా అలాంటి రాతగాడు ఉంటాడు. వాడి పేరు లాగర్, వాడు రాసేది లాగ్. లాగర్‌కు రాయడం నేర్పడం తేలికే. ఏది రాయకూడదో నేర్పడం దగ్గరే మన ఇంజినీర్లు నలభై ఏళ్ళుగా తంటాలు పడుతున్నారని నేననుకుంటున్నాను.

ఈ రాతగాడి పుట్టిల్లు కూడా బర్క్‌లీయే. అక్కడి విశ్వవిద్యాలయంలో 1980ల తొలి సంవత్సరాల్లో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాము రాశాడు. ఈమెయిళ్ళను ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు చేరవెయ్యడం దాని పని. ఉత్తరం చేరలేదని ఎవరైనా అడిగితే ఏం జరిగిందో చెప్పాలి కదా! దానికోసం పక్కనే సిస్‌లాగ్ అనే చిన్న సాధనం కట్టాడు. సెండ్‌మెయిల్ సంగతి ఎలా ఉన్నా, దానికి తోకగా పుట్టిన సిస్‌లాగ్ మాత్రం ఇప్పటికీ రూటర్లలో, సర్వర్లలో బతికే ఉంది.

సెండ్‌మెయిల్ లాగ్‌లో ఒక్కో ఉత్తరానికి కనీసం రెండు వరుసలు ఉంటాయి. ఉత్తరం ఎవరి దగ్గరనుంచి వచ్చిందో, ఎంత పెద్దదో ఒక వరుస చెబుతుంది. ఎవరికి పంపామో, పంపాక ఏమైందో రెండో వరుస చెబుతుంది. రెండు వరుసల మధ్య వేరే ఉత్తరాల వరుసలు వందలు ఉండొచ్చు. అందుకని రెండిటికీ ఒకే గుర్తింపు సంఖ్య వేస్తారు. దాన్ని పట్టుకు వెతికితే జత దొరుకుతుంది. మన పాత తాలూకాఫీసుల్లో ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ రిజిస్టర్లు రాసిన గుమాస్తా చేసిందీ ఇదే: వచ్చిన కాగితానికి నంబరు, తేదీ, ఎవరినుంచి, విషయం ఒక్క ముక్కలో. జవాబు వెళ్ళేటప్పుడు మళ్ళీ అదే నంబరు. ఆ గుమాస్తా అర్జీ మొత్తాన్ని రిజిస్టర్లోకి ఎక్కించేవాడు కాదు. ఆల్‌మన్ రాతగాడూ ఎక్కించలేదు, ఉత్తరంలో ఏముందో లాగ్‌లో రాయలేదు.

సిస్‌లాగ్ వరుస మొదట్లో ఒక అంకె కనబడుతుంది. ఉదాహరణకు 22. విభాగం సంఖ్యను 8తో గుణించి, తీవ్రత సంఖ్యను కలిపితే అది వస్తుంది. మెయిల్ విభాగం 2, మామూలు సమాచారం తీవ్రత 6, వెరసి 22. తీవ్రతలు 0 నుంచి 7 దాకా ఎనిమిది. 0 అంటే కొంప మునిగింది, 7 అంటే ఇంజినీర్లు తమకోసం రాసుకున్న సొద. దీన్నంతా ఎవరూ కూర్చుని ప్రమాణంగా నిర్ణయించలేదు, ఎవరికి వారు చూసి వాడుకున్నారు. వాడుకలో ఉన్నదాన్ని 2001లో ఒక పత్రంలో వర్ణించారు. అసలు ప్రమాణం 2009లో గానీ రాలేదు. పెళ్ళయి మనవలు పుట్టాక శుభలేఖ అచ్చువేసినట్టు!

వెబ్ వచ్చాక సర్వర్లు తమ రాతలు తాము మొదలుపెట్టాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్ఏ వాళ్ళ సర్వర్ 1990ల మొదట్లో వాడిన వరుసక్రమాన్నే తర్వాత వచ్చిన అపాచీ సర్వర్ కూడా తీసుకుంది. అడిగిన కంప్యూటర్ చిరునామా, ఒక చిన్న గీత, వాడుకరి పేరు, తేదీ, ఏ పేజీ అడిగారు, జవాబు కోడ్, ఎన్ని బైట్లు పంపాం. ఇందులో రెండో స్థానంలో ఉన్న గీతను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అవతలి కంప్యూటర్‌ను అడిగి, అక్కడ కూర్చున్న మనిషెవరో తెలుసుకుని రాయాల్సిన చోటు అది. అవతలి కంప్యూటర్ నిజమే చెబుతుందన్న నమ్మకం ఎప్పుడో పోయింది. అడగడం మానేశారు. చోటు మాత్రం అలాగే ఉంది, ప్రపంచమంతటా సర్వర్లు ముప్పై ఏళ్ళుగా అక్కడ గీత గీస్తూనే ఉన్నాయి.

ఈ వరుసలో వచ్చిందీ వెళ్ళిందీ ఒకేచోట ఉన్నాయి. 200 అంటే ఇచ్చేశాం, 404 అంటే అలాంటిది లేదు, 500 అంటే తప్పు మాదే. పేజీలు చూపించే వెబ్‌కు ఇంతకంటే అక్కర్లేదు.

2000 మే నెలలో సోప్ అనే పద్ధతిని ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ముందు పెట్టారు. పెట్టినవాళ్ళలో మైక్రోసాఫ్ట్, ఐబీఎం ఉన్నాయి. మనిషి పేజీ చూడటం కాకుండా ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును పని అడగడానికి ఆ పద్ధతి. ఎక్స్ఎంఎల్ అనే రూపంలో ఒక కవరు, అందులో పైన అదనపు సూచనల భాగం, కింద అసలు విషయం. ఇక్కడ రాతగాడి పని మారింది. జవాబు కోడ్ 200 వచ్చినా కవరులోపల ఖాతాలో డబ్బు లేదని ఉండొచ్చు. గొడవ వచ్చినప్పుడు మేం పంపింది ఇదీ అని ఒక కంపెనీ, మాకు అందింది వేరని ఇంకో కంపెనీ. ఇక తప్పదని కవరు విప్పి, లోపలిదంతా లాగ్‌లోకి ఎక్కించడం మొదలైంది.

అది అనుకున్నంత సులువు కాదు. నెట్‌వర్క్ మీద సందేశం కొళాయి నీళ్ళలా ధారగా వస్తుంది. ప్రోగ్రాము దాన్ని వస్తూండగానే చదువుతుంది. ఒకసారి చదివితే అయిపోయినట్టే, వెనక్కి తిప్పడానికి లేదు. లాగర్ ముందు చదివేస్తే దాని వెనక ఉన్న అసలు సర్వీసుకు ఖాళీ కవరు మిగులుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు లాగింగ్ పెట్టగానే సర్వీసు పనిచెయ్యడం మానేసిందని తలపట్టుకునేది ఇక్కడే. అందుకని వచ్చినదాన్ని మెమరీలో పట్టి ఉంచి, ఒక కాపీ రాసుకుని, మరొకటి లోపలికి పంపాలి. ఎవరైనా 50 మెగాబైట్ల స్కాన్ కాగితం పంపితే మెమరీ నిండిపోతుంది కాబట్టి ఇంతవరకే అని హద్దు పెట్టాలి.

వెళ్ళేదానితో ఇంకో చిక్కు. ఎప్పుడు రాయాలి? పంపకముందు రాస్తే, పంపేలోపు లైను తెగిపోయినా లాగ్‌లో పంపామనే ఉంటుంది. పంపాక రాద్దామంటే, పంపడానికీ రాయడానికీ మధ్య సర్వర్ ఆగిపోతే సందేశం వెళ్ళినట్టు సాక్ష్యమే ఉండదు. దీనికి పూర్తి పరిష్కారం లేదు. డబ్బు వ్యవహారాల్లో రెండుసార్లూ రాస్తారు, అంతే.

అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటుంది. స్టోల్ ప్రింటర్లను ఇవాళ లైనుకు తగిలిస్తే కాగితం మీద అర్థంకాని గిలుకుడు తప్ప ఏమీ పడదు. లైన్ల మీద వెళ్ళేది దాదాపు అంతా గుప్తలిపే. కాబట్టి రాతగాడు సర్వర్ లోపల, గుప్తలిపి విప్పిన తర్వాత కూర్చోవాలి. అంటే పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఆరోగ్య వివరాలు బట్టబయలుగా కనిపించే ఒకే ఒక్క చోట వాడిని కూర్చోబెట్టాం. కనిపించిందల్లా రాయమన్నాం.

2018 మే 3న ట్విట్టర్ ఒక ప్రకటన చేసింది. అక్కడ పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టుగా దాచరు, బీక్రిప్ట్ అనే పద్ధతిలో తిరిగి రాబట్టలేనంతగా నూరేసి దాస్తారు. ఆ నూరుడు పూర్తికాకముందే ఒక లోపలి లాగ్‌లో పాస్‌వర్డ్‌లు అచ్చంగా రాయబడ్డాయి. ఎవరూ దుర్వినియోగం చేసినట్టు ఆనవాళ్ళు లేవన్నారు. అయినా 33 కోట్ల వాడుకరులను పాస్‌వర్డ్ మార్చుకునే ఆలోచన చెయ్యమన్నారు. తాళంచెవులను ఉక్కు బీరువాలో పెట్టిన సంస్థే వాటి అచ్చులను మాత్రం చిత్తు పుస్తకంలో వదిలేసింది. మరుసటి ఏడాది మార్చిలో ఫేస్‌బుక్ కూడా కోట్ల కొద్దీ పాస్‌వర్డ్‌లు తన లోపలి వ్యవస్థల్లో చదవగలిగే రూపంలో ఉండిపోయాయని ఒప్పుకుంది. ఆ సంగతి మీద ఐర్లండ్ నియంత్రణ సంస్థ 2024 సెప్టెంబరులో 9 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసింది.

ఇవి రాతగాడి నోట్లో నువ్వుగింజ నానకపోవడం. 2021 డిసెంబరులో బయటపడింది వాడి అమాయకత్వం. జావా ప్రోగ్రాముల్లో అందరూ వాడే లాగింగ్ సాధనం లాగ్4జె. దానికి 2013లో ఒక సౌకర్యం జోడించారు. రాయాల్సిన వాక్యంలో డాలరు గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్లలో ఫలానా విధంగా ఒక చిరునామా కనిపిస్తే, అక్కడికి వెళ్ళి అక్కడున్నదాన్ని తెచ్చి ఆ స్థానంలో పెడుతుంది. ఆ వాక్యం ఎక్కడినుంచి వస్తుంది? బయటినుంచి వచ్చిన సందేశంలోంచి! దొంగ తన పేరు అడిగినచోట ఆ చిరునామా రాస్తే చాలు. పేరు రాసుకుందామని లాగర్ చదువుతుంది, వెళ్ళి దొంగ ప్రోగ్రామును తెచ్చి తన ఇంట్లోనే నడుపుతుంది. 2021 నవంబరు 24న అలీబాబా క్లౌడ్‌కు చెందిన చెన్ ఝావోజున్ దీన్ని లాగ్4జెను నిర్వహించే అపాచీ సంస్థకు చెప్పాడు. తీవ్రత కొలమానంలో దీనికి పదికి పది పడ్డాయి. మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాట్ పెట్టెలో ఒక వరుస టైపు చేసి సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. ఆ డిసెంబరులో సెలవులు రద్దయిన తెలుగు ఇంజినీర్లు హైదరాబాదులోనూ డాలస్‌లోనూ తక్కువేమీ కాదు.

దారి చూపినవాళ్ళూ ఉన్నారు. 2010లో గూగుల్ ఇంజినీర్లు డాపర్ అనే తమ వ్యవస్థ గురించి ఒక పత్రం ప్రచురించారు. ఒక్క వెతుకులాటకు ఎన్నో సర్వర్లు కదులుతాయి. ఆ ప్రయాణమంతటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఏ సర్వర్ దగ్గర ఎంతసేపు పట్టిందో రాసుకోవడం డాపర్ పని. సెండ్‌మెయిల్ నంబరుకు మనవడన్నమాట. అందులో రెండు నిర్ణయాలు నాకు నచ్చాయి. మొదట్లో 1024 ప్రయాణాల్లో సగటున ఒక్కదాన్నే రాసుకున్నారు, అంత పెద్ద వ్యవస్థకు అదే సరిపోయింది. రెండోది, ఏ పని అడిగారో దాని పేరు రాశారు గానీ సందేశంలోని విషయాన్ని రాయలేదు. కావాలనుకున్న బృందం తనకు కావలసిన ముక్కను తానే ఎంచుకుని చేర్చుకోవాలి. తాలూకాఫీసు గుమాస్తా లక్షణం మళ్ళీ వచ్చింది.

మన దేశంలో ఆ లక్షణాన్ని చట్టమే శాసించిన చోటు ఆధార్. రేషన్ షాపులో వేలు పెట్టినప్పుడు ఆ యంత్రం నుంచి ఒక ఎక్స్ఎంఎల్ సందేశం ఆధార్ సంస్థకు వెళుతుంది, అందులో వేలిముద్ర గుప్తలిపిలో ఉంటుంది. జవాబు ఔను లేదా కాదు. కాదంటే ఒక కోడ్ వస్తుంది: 300 అంటే వేలిముద్ర కలవలేదు. ఆధార్ ధృవీకరణ నిబంధనల ప్రకారం అడిగిన సంస్థ తాను పంపిన అభ్యర్థన వివరాలూ, వచ్చిన జవాబు వివరాలూ, మనిషి సమ్మతీ లాగ్‌లో ఉంచాల్సిందే. వేలిముద్ర వంటి వ్యక్తిగత వివరాలున్న భాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచుకోకూడదు. ఆధార్ సంస్థ తన దగ్గరి ధృవీకరణ రికార్డులను 5 ఏళ్ళపాటు భద్రపరిచే నిబంధనను 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కొట్టేసింది, 6 నెలలు మించకూడదంది.

ఆ లాగ్‌లో మీ వరుసలను మీరే చూడొచ్చు. మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లోపలికి వెళ్ళి ధృవీకరణ చరిత్ర తెరిస్తే, గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఏ సంస్థ, ఏ రోజు, ఎన్ని గంటలకు, వేలిముద్రతోనా ఓటీపీతోనా సరిచూసిందో, జవాబు ఏం వచ్చిందో ఒక్కసారికి 50 వరుసల దాకా కనిపిస్తుంది. ఒకసారి చూడండి. మీకు తెలియని సంస్థ పేరు గానీ, మీరు వేలు పెట్టని రోజు గానీ కనిపిస్తే 1947కు ఫోన్ చెయ్యండి, అదే వెబ్‌సైట్‌లో మీ బయోమెట్రిక్‌కు తాళం వేసుకోండి.