హైదరాబాదు - విశాఖపట్నం దూరం, విమాన ప్రయాణ కాలం

హైదరాబాదు, విశాఖపట్నం నగరాల మధ్య గగన దూరం సుమారు 510 కి.మీ. ఇది శంషాబాదు విమానాశ్రయం నుండి విశాఖ విమానాశ్రయానికి భూగోళంపై కొలిచిన అత్యల్ప దూరం. సికింద్రాబాదు నుండి రైలు మార్గంలో ఇది దాదాపు 700 కి.మీ., రోడ్డు మార్గంలో సుమారు 620 కి.మీ. ఒకే ప్రయాణానికి ఇన్ని అంకెలుండటం వలన దూరాన్ని పేర్కొనేటప్పుడు ఏ మార్గమో కూడా చెప్పడం అవసరం.

నేలపై దూరం

పటంపై రెండు నగరాలను కలుపుతూ గీత గీస్తే, అది ఖమ్మానికి కొంచెం ఉత్తరంగా సాగి, పాపికొండల ప్రాంతంలో గోదావరిని దాటి, తూర్పు కనుమల మీదుగా విశాఖ చేరుతుంది. రైలు ఈ కొండలను తప్పించుకొని పోతుంది. కాజీపేట, ఖమ్మం మీదుగా ఆగ్నేయంగా విజయవాడకు దిగి, అక్కడి నుండి ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట మీదుగా ఈశాన్యానికి తిరుగుతుంది. విజయవాడ రెండు నగరాలకూ దాదాపు సమదూరంలో, ఒక్కొక్క వైపు సుమారు 350 కి.మీ.లో ఉండటం విశేషం. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడవ భుజం కంటె ఎక్కువన్న బడి పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. రాజమండ్రి వద్ద 1900లో హేవలాక్ వంతెన ప్రారంభం కావడంతో తీరం వెంబడి రైలు మార్గానికి గోదావరి అడ్డు తొలగింది. 2023 జనవరి 15న మొదలైన వందే భారత్ రైలు ఈ దూరాన్ని సుమారు ఎనిమిదిన్నర గంటలలో దాటుతుంది. 1974 నుండి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు సుమారు 12 గంటలు పడుతుంది.

విమాన ప్రయాణ కాలం

దూరాన్ని వేగంతో భాగిస్తే, గంటకు 800 కి.మీ. పైగా పోయే జెట్ విమానానికి 40 నిమిషాలు కూడా పట్టరాదు. కానీ ఆ వేగం ఎత్తుకు చేరిన తరువాతిదే. ఇంత చిన్న దూరంలో ఎక్కడం, దిగడం లోనే చాలా భాగం గడిచిపోతుంది. కాలపట్టికలో చూపే సమయం విమానం నిలిపిన చోటి నుండి కదిలినప్పటి నుండి గమ్యంలో ఆగేవరకు లెక్కించినది. అందుచేత అది సాధారణంగా 1 గంట 10 నిమిషాలు మొదలుకొని, చిన్న ఏటీఆర్ విమానాలకు గంటన్నర వరకు ఉంటుంది.

గాలి ప్రభావం కూడా కొంత ఉంది. శీతాకాలంలో పైయెత్తున వీచే పడమటి గాలులు విశాఖ వెళ్ళే జెట్ విమానానికి తోడ్పడతాయి. వర్షాకాలంలో అదే ఎత్తులో తూర్పు గాలులు వీస్తాయి కనుక హైదరాబాదు వచ్చేవారికి లాభం. అయితే ఈ తేడా కొద్ది నిమిషాలే.

అసలు కాలయాపన నేలమీదే. 2008 మార్చి వరకు విమానాలు నగరం మధ్యనున్న బేగంపేట నుండి బయలుదేరేవి. శంషాబాదుకు మారిన తరువాత గగన దూరం దాదాపు మారలేదు కానీ, నగరవాసి విమానాశ్రయం చేరే దూరం పెరిగింది. ముందుగా చేరుకోవలసిన సమయం కూడా కలిపితే, ఇంటి నుండి ఇంటికి నాలుగైదు గంటలు అనుకోవడం ఉచితం.

అవయవ మార్పిడిలో ఈ లెక్కకు ప్రాణం విలువ ఉంది. దాత నుండి తీసిన గుండెను సుమారు 4 గంటలలో అమర్చవలసి ఉంటుంది. విశాఖలో తీసిన గుండె హైదరాబాదు రోగికి అందాలంటే రైలు, రోడ్డు మార్గాలు రెండూ పనికిరావు. విమానమే శరణ్యం. అప్పుడు కూడా విమానాశ్రయం నుండి ఆసుపత్రికి పోలీసులు రోడ్డు ఖాళీ చేయించవలసి వస్తుంది.

పైన ఇచ్చిన గగన దూరం విశాఖలో నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. డేగా విమానక్షేత్రానికి లెక్కించినది. నగరానికి ఈశాన్యాన భోగాపురంలో 2023 మే నెలలో కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. అక్కడికి కొలిస్తే గగన దూరం మరో 30 కి.మీ. పైగా పెరుగుతుంది.