చిప్పు చెప్పే దొంగ లెక్క

కంప్యూటర్ ఎందుకు మందగించిందో తెలుసుకోవడానికి ఇంజనీర్లు ప్రాసెసర్‌నే అడుగుతారు. ఎన్ని ఆదేశాలు పూర్తయ్యాయి, డేటా కోసం ఎన్నిసార్లు మెమరీ దాకా వెళ్లాల్సి వచ్చింది వంటి వివరాలను చిప్‌లోని కౌంటర్లు నమోదు చేస్తుంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను చక్కదిద్దేవారికి అవే ఆధారం. మరి ఆ లెక్కే తప్పితే?

ఇంటెల్ సంస్థ 2011, 2012, 2013లలో వరుసగా విడుదల చేసిన శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్, హాస్‌వెల్ చిప్‌లలో జరిగింది అదే. హైపర్‌థ్రెడింగ్ పద్ధతిలో ఒకే కోర్ రెండు పనులను పక్కపక్కనే నడుపుతుంది. ఒక్కోవైపు నాలుగేసి కౌంటర్లు. ఒకవైపు కౌంటర్ కొన్ని రకాల మెమరీ ఘటనలను లెక్కిస్తుంటే, రెండోవైపు అదే నంబరు కౌంటర్‌లోకి ఆ అంకెలు చొరబడే అవకాశముంది. పొరుగింటి కరెంటు వాడకం మన మీటర్లో ఎక్కినట్టన్నమాట. అసలు చిక్కేమిటంటే, ఆ అంకె చూడటానికి సవ్యంగానే ఉంటుంది. దాన్ని నమ్మినవారు లేని జబ్బుకు మందు వెతుకుతూ కూర్చోవాల్సిందే.

అమ్ముడైన చిప్‌లను వెనక్కి పిలవలేరు కదా. అందుకే 2015లో వచ్చిన లైనక్స్ 4.1 ఒక పొదుపు మార్గం ఎంచుకుంది. ఒకవైపు ఆ ఘటనలను లెక్కిస్తున్నంతసేపూ రెండోవైపు అదే నంబరు కౌంటర్‌ను ఖాళీగా ఉంచుతుంది. ఒక పక్షమే అన్నిటినీ కాజేయకుండా పరిమితి కూడా పెట్టింది. తప్పు లెక్క కంటే తక్కువ లెక్కే నయమన్న ఈ తీరు సబబే. కౌంటర్లు చాలకపోతే పెర్ఫ్ అనే పరికరం ఘటనలను వంతులవారీగా కొలిచి, మొత్తాన్ని అంచనా కడుతుంది. ఎంత శాతం సమయం నిజంగా కొలిచిందో అంకె పక్కనే చూపిస్తుంది. హైపర్‌థ్రెడింగ్ ఆపేసిన యంత్రాల్లో మాత్రం ఈ ఆంక్షలేవీ ఉండవు.