దరఖాస్తు లేని ఎన్నిక

ఏటా జూలైలో లండన్‌లోని కార్ల్‌టన్ హౌస్ టెర్రస్ నుంచి ఒక జాబితా వెలువడుతుంది. చరిత్ర, తత్త్వశాస్త్రం, భాషాశాస్త్రం, పురావస్తుశాస్త్రం, అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం వంటి రంగాల నుంచి ఆ ఏడు బ్రిటిష్ అకాడమీకి ఎన్నికైన పండితుల పేర్లవి. బ్రిటన్‌లో పనిచేసేవారిని 52 మంది దాకా, విదేశాల్లో ఉన్నవారిని మరో 30 మంది దాకా ఇటీవలి కాలంలో తీసుకుంటున్నారు. ఇలా ఎన్నికైనవారిని ఫెలోలు అంటారు. వారిలో బ్రిటన్‌లోనివారు పేరు పక్కన ఎఫ్‌బీఏ అని రాసుకుంటారు.

ఈ గౌరవం కావాలని ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేరు. ఇప్పటికే ఫెలోలుగా ఉన్నవారే పేరు ప్రతిపాదించాలి. ఆ ప్రతిపాదన ముందు సంబంధిత శాస్త్ర విభాగానికి వెళుతుంది. అక్కడ నిలిచిన పేర్లు పైస్థాయి వడపోతలు దాటి పాలకమండలికి చేరతాయి. చివరి మాట జూలై వార్షిక సమావేశంలో ఫెలోలదే. వాళ్లు చూడాల్సింది పదవిని కాదు, ప్రచురించిన పరిశోధనను. అరిగిపోయిన శాసనాలు చదవడానికి ఇరవై ఏళ్లు వెచ్చించిన పండితురాలి కృషి విలువ మార్కెట్ చెప్పలేదు, పత్రికల హడావుడీ చెప్పలేదు. అదే పనిలో తలపండిన నలుగురు చెప్పగలరు. తోటివారే ఎన్నుకోవాలనడంలోని న్యాయం అది.

అసలు ఈ సంస్థ పుట్టిందే ఒక లోటు నుంచి. 1899లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో వివిధ దేశాల అకాడమీలు ఒక అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడటానికి సమావేశమయ్యాయి. ప్రకృతి శాస్త్రాల తరఫున మాట్లాడటానికి బ్రిటన్‌కు రాయల్ సొసైటీ ఉంది. చరిత్ర, భాష, తత్త్వం తరఫున ఎవరూ లేరు. ఆ వెలితి తీర్చడానికే 1902లో రాజశాసనంతో బ్రిటిష్ అకాడమీ ఏర్పడింది. తొలి అధ్యక్షుడు లార్డ్ రే అంతకుముందు బొంబాయి గవర్నరుగా చేసినవాడు. స్థాపనకు పాటుపడిన వారిలో పాలీ గ్రంథాలకు జీవితం ధారపోసిన రీస్ డేవిడ్స్ ఒకరు.

అయితే లోపలివారే కొత్తవారిని ఎంచుకునే పద్ధతిలో పెద్ద ప్రమాదం ఉంది. తమలాంటివారే కళ్లకు ఆనుతారు. గ్రీకు మతాచారాల అధ్యయనాన్ని మలుపు తిప్పిన జేన్ హారిసన్ 1928లో కన్నుమూసింది. అప్పటికి అకాడమీ ఒక్క మహిళనూ ఎన్నుకోలేదు. 1931లో బియాట్రిస్ వెబ్ తొలి మహిళా ఫెలో అయింది. విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే కార్మిక సంఘాల మీదా పేదరికం మీదా ఆమె చేసిన పరిశోధన అంత బలమైనది. అంత పని చేసినవారికే తలుపు తెరుచుకోవడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టిందంటే, ఆ లోపల పేరైనా ప్రతిపాదనకు రాని విదుషీమణులు ఎందరో! జరిగింది అన్యాయమే.

పాండిత్యాన్ని గౌరవించిన చోట నడవడికి లెక్క ఉందా? ఈ ప్రశ్న 1979లో అకాడమీని కుదిపేసింది. కళాచరిత్రకారుడు, ఫెలో అయిన ఆంథొనీ బ్లంట్ సోవియట్ గూఢచారిగా పనిచేశాడని ప్రధాని థాచర్ పార్లమెంటులో వెల్లడించారు. ఆయన సర్ బిరుదును వెంటనే రద్దు చేశారు. అకాడమీ మాత్రం చీలిపోయింది. 1980 జూలై సమావేశంలో వాదోపవాదాలు జరిగినా బహిష్కరణ నిర్ణయం వెలువడలేదు. నిరసనగా కొందరు ఫెలోలు వైదొలిగారు. ఆగస్టులో బ్లంటే రాజీనామా చేశాడు. ఆయన్ను వేటాడారంటూ చరిత్రకారుడు ఏ.జె.పి. టేలర్ కూడా తప్పుకున్నాడు. ఓట్లతో పాండిత్యాన్ని తూచవచ్చు గానీ ఇలాంటి తగవును తీర్చడం ఎంత కష్టమో ఆ ఏడాది తేలింది.

తెలుగువారికి ఈ అకాడమీ పరాయిదేమీ కాదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు బోధిస్తున్న కాలంలో దానికి ఫెలోగా ఎన్నికయ్యారు. మరి మన దేశంలో అలాంటి సంస్థ ఉందా? విజ్ఞానశాస్త్రాలకు 1935 నుంచీ జాతీయ అకాడమీ ఉంది. 1969లో వచ్చిన ఐసీఎస్ఎస్ఆర్ సామాజిక శాస్త్ర పరిశోధనకు ప్రధానంగా నిధులిచ్చే సంస్థ. మానవీయ విద్యల్లో ఎన్నికకు దగ్గరగా కనిపించేది కేంద్ర సాహిత్య అకాడమీ ఫెలోషిప్. ఏ సమయంలోనైనా జీవించి ఉన్న ఫెలోలు 21 మందికి మించకూడదు, ఎంపిక చేసేది సర్వసభ్య మండలి. కానీ అది ముఖ్యంగా సాహిత్యకారుల కోసం. శాసన పరిశోధకులూ గ్రామీణ ఆర్థిక వ్యవస్థను పల్లెపల్లెకూ తిరిగి అధ్యయనం చేసేవారూ దాని పరిధిలోకి రావడం అరుదు. ఆ ఫెలోషిప్‌ను 1968లో మొదట అందుకున్నదీ రాధాకృష్ణనే.