పరిశోధనలో తల్లిదండ్రుల చోటెక్కడ?

కొన్నేళ్ల కిందట ఒక బాలల గృహం మీద జరిగిన సర్వేలో నేనూ పాల్గొన్నాను. మంచాలెన్ని, మరుగుదొడ్లెన్ని, పిల్లల బరువెంత, చదువెలా సాగుతోంది అంటూ మా ఫారంలో చాలా ప్రశ్నలున్నాయి. తల్లిదండ్రులకు దక్కింది ఒకే ఒక్క వరుస: 'ఉన్నారు, లేరు'. చివరి రోజు సాయంత్రం పని ముగించుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒకామె నన్ను ఆపింది. కొడుకును చూడటానికి పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చింది. అది కలుసుకునే రోజు కాదని కాపలాదారు ఆమెను లోపలికి పంపలేదు.

"పిల్లగాన్ని అడిగిన్రు, వార్డెన్ సారును అడిగిన్రు. నన్నెందుకు అడగరు సారూ?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె కొడుకు ఫారంలో 'ఉన్నారు' అన్నచోట టిక్కు పెట్టి వచ్చింది నేనే. ఆమె గురించి మా పరిశోధన తెలుసుకున్నది అంతే.

ఈ లోపం ఆ ఒక్క ఫారానిది అనుకుంటే పొరపాటు. ఇలాంటి సంస్థల గురించి మాట్లాడేటప్పుడు మన నోటికి ముందుగా వచ్చే మాట 'అనాథాశ్రమం'. అనాథ అన్నాక అడగడానికి ఇంకెవరుంటారు? కాని లెక్కలు వేరే సంగతి చెబుతున్నాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2016-17లో దేశమంతటా ఈ సంస్థల వివరాలు సేకరించి 2018లో నివేదిక ప్రకటించింది. అందులో 9,589 సంస్థలు తేలాయి. రక్షణ, సంరక్షణ అవసరమైనవాళ్లుగా వాటిలో ఉన్న పిల్లలు సుమారు 3 లక్షల 70 వేలమంది. అనాథలను, వదిలేసినవాళ్లను, తల్లిదండ్రులు అధికారికంగా అప్పగించినవాళ్లను అందరినీ కలిపినా 56 వేల చిల్లర. తల్లో తండ్రో ఒక్కరే ఉన్న పిల్లలు మాత్రం లక్షా 20 వేలమంది. అంటే అడగవలసిన మనుషులు బతికే ఉన్నారు. అడిగేవాళ్లే లేరు.

ఈ పిల్లలు అక్కడికెలా చేరారు? చాలాసార్లు రికార్డులో ఒకే మాట ఉంటుంది: 'పేదరికం'. ఆ మాట విప్పి చూస్తే వలస ఉంటుంది, తీరని అప్పు ఉంటుంది, మొగుడి చావు ఉంటుంది, కూలికి పోతే బిడ్డను చూసే దిక్కు లేకపోవడం ఉంటుంది. ఏ సాయం అందివుంటే బిడ్డను ఇంట్లోనే ఉంచుకోగలిగేదో తల్లికి తెలుసు. వార్డెన్‌కు తెలిసే అవకాశం లేదు. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని ఐక్యరాజ్య సమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలని మన 2015 బాల న్యాయ చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. ఈ సూత్రాలు అమలవుతున్నాయో లేదో తేల్చాలంటే, వేరు కాకముందు ఆ ఇంటికి ఏ సాయం అందిందో అడగాలి. ఆ జవాబు గేటు లోపల దొరకదు.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే తీర్పులే మారిపోతాయనడానికి ఇంగ్లండు అనుభవం ఒకటుంది. డార్టింగ్టన్ పరిశోధకులు, ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకున్న పిల్లల బాగోగులను రెండేళ్లపాటు గమనించి 1986లో 'లాస్ట్ ఇన్ కేర్' అనే పుస్తకం వెలువరించారు. తల్లిదండ్రులు రాకపోతే ప్రేమ లేదని తేల్చేయడం వాడుక. వీళ్లు చూసింది వేరు. అధికారులు పెట్టిన ఆంక్షలు కొన్ని. దూరం, సంస్థల నియమాలు, వెళితే ఎదురయ్యే చిన్నచూపు వంటి కనిపించని అడ్డుగోడలు మరికొన్ని. ఆ దేశపు 1989 పిల్లల చట్టం, కోర్టు ఉత్తర్వుతో సంరక్షణలో ఉన్న బిడ్డకు తల్లిదండ్రులను తగిన మేరకు కలుసుకునే వీలు కల్పించాలని స్థానిక అధికారులను నిర్దేశించింది.

అయితే భాగస్వామ్యమంటే తల్లిదండ్రులకు ఇంకో ఫారం నింపించడం అనుకోకూడదు. ప్రశ్నలు తయారుచేసే రోజునే వాళ్లలో కొందరిని కూర్చోబెట్టాలి. సమావేశానికి వస్తే పోయే కూలి, బస్సు ఛార్జీ పరిశోధన ఖర్చులోనే చేర్చాలి. చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. ఎందుకు అడుగుతున్నామో నోటితో చెప్పాలి, కాదనే హక్కు ఉందని చెప్పాలి, కాదన్నందుకు బిడ్డకు ఏ నష్టమూ రాదని హామీ ఇవ్వాలి. వార్డెన్ ఎదుట ఏ తల్లీ నిజం చెప్పదు, ఎందుకంటే ఆమె బిడ్డ అతని చేతిలో ఉన్నాడు. ఆఖరుకు నివేదికను వాళ్ల భాషలో వాళ్లకు చదివి వినిపించి, తప్పుంటే దిద్దుకోవాలి.

తల్లిదండ్రులందరూ మంచివాళ్లేనా అని మిత్రులు అడగవచ్చు. కారు. కొట్టి, పనికి పెట్టి, ఇంటి నుంచి పారిపోయేటట్టు చేసినవాళ్లూ ఉన్నారు. అలాంటిచోట బిడ్డ భద్రతే ముందు. బిడ్డ చెప్పిన మాట తండ్రి చెవిన పడకుండా కాపాడవలసిన బాధ్యత పరిశోధకుడిది. తల్లిదండ్రులను వినడమంటే పిల్లల నోరు మూయించడం కాకూడదు. ఇద్దరి మాటలూ పొసగకపోతే ఆ వైరుధ్యాన్ని అలాగే నమోదు చేయాలి. కొందరు చెడ్డవాళ్లున్నారని అందరినీ గేటు బయట నిలబెట్టడం మాత్రం శాస్త్రీయత అనిపించుకోదు.

ఖరీదైన బోర్డింగు స్కూలులో బిడ్డను చేర్పించిన తండ్రిని ఎవరూ 'వదిలేశాడు' అనరు. ఆయన్ను సమావేశాలకు పిలుస్తారు, భోజనం ఎలా ఉందని అడుగుతారు. చేసిన పని ఒకటే అయినా కూలితల్లి నేరస్థురాలవుతుంది. ఈ తేడా సమాజంలో ఉన్నదే. దాన్ని పరిశోధన కూడా మోసుకు తిరగవలసిన అవసరం లేదు.

ఆ సాయంత్రం ఆమె చెప్పినదంతా ఫారం వెనక రాసుకున్నాను: రానుపోను ఛార్జీలు, పోయిన రెండు రోజుల కూలి, ఊళ్లో సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే చోటుంటే కొడుకును పంపేదాన్నే కాదన్న మాట. ఫారం వెనక రాసినదానికి పట్టికలో గడి లేదన్నారు. నివేదిక అచ్చయింది. అందులో మంచాల లెక్క ఉంది. ఆమె మాట లేదు. అప్పుడు గట్టిగా పట్టుబట్టకపోవడం నా తప్పు. మళ్లీ అలాంటి సర్వేకు పోయే మిత్రులు, ఫారం అచ్చుకు వెళ్లకముందే ఆ గడి ఉందో లేదో చూడాలని నా విన్నపం.