రాజు తల రూపాయికి లక్షలు పలుకుతాయా?

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని విడుదల చేశారు. 1985, 1989, 1994 ఎన్నికల్లో వరుసగా ఆయన్ను గెలిపించుకున్న హిందూపురంలో ఆ నాణెం మీద మమకారం ఉండటంలో వింతేమీ లేదు. 2025 నవంబరు 19న పుట్టపర్తిలో ప్రధాని నరేంద్ర మోదీ సత్యసాయిబాబా శతజయంతి నాణేన్ని విడుదల చేశాక ఈ ముచ్చట మళ్లీ ఊపందుకుంది. ఇక వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టే రాజు తల రూపాయిలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. వెండి ధర ఎక్కినప్పుడల్లా అవి బీరువాల్లోంచి బయటికొస్తాయి, వాటితోపాటు నోటి మాటలూ వస్తాయి. ఆ మాటలు విని అరుదైన నాణేన్ని కరిగించుకునేవాళ్లున్నారు. మామూలు నాణేనికి లక్షలొస్తాయని ఆశపడి మోసగాళ్ల చేతికి చిక్కేవాళ్లూ ఉన్నారు. తాతల నాటి సొత్తు ఇలా చేజారడం బాధ కలిగించే సంగతి.

అపోహ: ఎన్టీఆర్ నాణెం మొత్తం మేలిమి వెండి

కాదు. అందులో సగమే వెండి. మిగతా సగంలో 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. నాణెం అడ్డకొలత 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. అంటే వెండి 17.5 గ్రాములు. లెక్క సులువుగా ఉండటానికి కిలో వెండి లక్ష రూపాయలు అనుకుంటే, దానిలోని వెండి విలువ 1,750 రూపాయలు. ఆ రోజు ధర ఎంతుంటే అదే పాళ్లలో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

ఈ మిశ్రమం ఈనాటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో వెండి కరువై 1940లో ఆరో జార్జి రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి సగానికి తగ్గించినప్పుడు వాడినవి కూడా ఇవే నాలుగు లోహాలు, ఇవే పాళ్లు. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఎన్టీఆర్ నాణేనికి, మన తాతలు సంతలో ఖర్చుపెట్టిన యుద్ధకాలపు రూపాయికి ఉన్న ఈ చుట్టరికం చాలామందికి తెలియదు.

నాణెం మీద 100 అని ఉంది, టంకశాల దాన్ని అమ్మింది మాత్రం ప్యాకింగును బట్టి నాలుగు వేల పైచిలుకుకు. ఇందులో మోసమేమీ లేదు. నాణేనికి ముఖవిలువ ఒకటి, లోహం విలువ ఒకటి, టంకశాల అమ్మకం ధర ఒకటి. రేపు మీ దగ్గర్నుంచి ఇంకొకరు ఎంతకు కొంటారన్నది నాలుగోది. మొదటి మూడింటినీ కాగితం మీద లెక్క కట్టొచ్చు. నాలుగోది గిరాకీని బట్టే ఉంటుంది, దానికి ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇలాంటి స్మారక నాణేలు బజారులో చలామణికి వచ్చేవి కావు కాబట్టి చిల్లరలో దొరుకుతాయని వెతకడం కూడా వృథా.

ఒక నాణెం పాళ్లను ఇంకోదానికి అంటగట్టకూడదు. 1969 గాంధీ శతజయంతి పది రూపాయల నాణెంలో 80 శాతం వెండి. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయల నాణెంలో 50 శాతమే. ఈనాటి స్మారక నాణేలకైతే కేంద్ర ఆర్థిక శాఖ గెజిట్ నోటిఫికేషన్‌లో బరువు, లోహం, కొలత అన్నీ ఉంటాయి. ఎవరో చెప్పారని కాకుండా అది చూసుకుని కొనడం మేలు.

అపోహ: ఎంత పాతదైతే అంత ధర

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇదే. 1918 నాటి అయిదో జార్జి రూపాయిని తీసుకోండి. నూరేళ్లు దాటింది. కానీ ఆ ఒక్క ఏడాదే కలకత్తా, బొంబాయి టంకశాలలు రెండూ కలిసి 40 కోట్లకు పైగా రూపాయిలు కొట్టాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో రూపాయిలకు అంత గిరాకీ. వెండి చాలక, అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి తన 25 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండి బ్రిటన్ ద్వారా మన దేశానికి చేరింది. ఇంత విరివిగా కొట్టిన రూపాయి ఇప్పటికీ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. అరిగిన దానికి వెండి విలువ, ఆపైన కొద్దిగా వస్తుంది.

1939 నాటి ఆరో జార్జి రూపాయి అంతకంటే ఇరవై ఏళ్లు చిన్నది. అయినా సేకరించేవాళ్లు దానికోసం ఎక్కడికైనా వెళ్తారు. కొట్టినవాటిలో చాలావరకు కరిగిపోయి మిగిలినవి కొద్ది కావడమే కారణం. కాబట్టి సంవత్సరంలో చివరి అంకె 8 అయితే ఒక ధర, 9 అయితే ఇంకో ధర. దిద్దినవి, నకిలీవి బయట తిరిగేదీ ఈ సంవత్సరం పేరుతోనే కాబట్టి, 1939 అని కనిపించగానే సంబరపడకుండా నిపుణుడికి చూపించాలి.

1911 రూపాయి కథ ఇంకా ఆసక్తికరం. అయిదో జార్జి మెడలోని హారం కింద, అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో కొట్టిన వాటిలో దాని తొండం పొట్టిగా పడి పంది మూతిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, చాలావాటిని కరిగించి, 1912 నుంచి తొండాన్ని స్పష్టంగా చెక్కించింది. సేకరించేవాళ్లు దీన్ని ‘పంది రూపాయి’ అనే పిలుస్తారు. మీ ఇంట్లో అయిదో జార్జి రూపాయిలు ఉంటే భూతద్దం పట్టుకుని సంవత్సరం, ఆ ఏనుగు ఒకసారి చూడండి.

అందుకే సేకరించేవాళ్లు వయసును లెక్క పెట్టరు. ముందు ఏ పాలకుడిదో చూస్తారు. తర్వాత సంవత్సరం, ఆపైన టంకశాల, చివరికి అచ్చులో తేడాలు. విక్టోరియా బొమ్మ ఉంటే ‘క్వీన్’ అని ఉందా, 1877 నుంచి వచ్చిన ‘ఎంప్రెస్’ ఉందా అన్నది మొదటి ప్రశ్న. 1862 అని ఉన్న రూపాయి అయితే పని ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే 1874 దాకా అదే సంవత్సరాన్ని ఉంచి కొడుతూ పోయారు. అసలు ఏ ఏడాదిదో తెలియాలంటే బొరుసు వైపున్న సన్నని చుక్కలు లెక్కపెట్టాలి. అయిదో జార్జి రూపాయిలో బొరుసు వైపు కింది తామరపువ్వు దగ్గర చిన్న చుక్క ఉబ్బెత్తుగా ఉంటే బొంబాయిది, ఏమీ లేకపోతే కలకత్తాది. ఆరో జార్జి 1944, 1945 రూపాయిల మీద ‘ఎల్’ అక్షరం కనిపిస్తే లాహోర్‌ది. స్వాతంత్ర్యం తర్వాతి నాణేల్లో సంవత్సరం కింద వజ్రం గుర్తు ముంబయిది, నక్షత్రం హైదరాబాద్‌ది, చుక్క నోయిడాది. గుర్తు లేనిది కోల్‌కతాది.

అపోహ: 1947 పులిబొమ్మ రూపాయి వెండిదే

అది నికెల్‌ది. యుద్ధంలో అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న వెండిని తిరిగి తీర్చాల్సి రావడంతో 1946, 1947ల్లో మన నాణేలు నికెల్‌కు మారాయి. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. అలాగని అతుక్కోనివన్నీ వెండి అనుకోవద్దు. రాగి, సీసం, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు. దానికంటే తూకం నమ్మదగింది. 1939 వరకూ వచ్చిన వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. వీశెకు 120 తులాలు లెక్క కాబట్టి ఒకప్పుడు అంగళ్లలో రూపాయిలనే తూకపు రాళ్లుగా వాడేవారు. తులంలో అసలు వెండి 10.69 గ్రాములు. అరిగిన రూపాయి కొంచెం తగ్గుతుంది గానీ, గ్రామున్నర తగ్గిందంటే అనుమానించాల్సిందే.

గాంధీ బొమ్మ ఉన్న పది రూపాయల నాణెం మీద 1869–1948 అని ఉండటంతో అది 1948 నాటిదని చెప్పి అమ్మేవాళ్లున్నారు. అవి ఆయన జనన మరణ సంవత్సరాలు. నాణెం శతజయంతిది. బరువు 15 గ్రాములు, అందులో వెండి 12. ఆ కాలపు పసుపురంగు ఇరవై పైసల నాణెంలో బంగారం ఉందన్నది కూడా ఉత్త మాటే.

అపోహ: తోమి తళతళలాడిస్తేనే మంచి ధర

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, అదీ మన చేతులారా. చింతపండుకు పేరుపడ్డ హిందూపురం మనది. వెండి సామాన్లు తోమినట్టే పండగకు ముందు చింతపండుతోనో విభూతితోనో రూపాయిని రుద్దేస్తాం. నల్లబడటమంటే వెండి పైపొర గాలిలోని గంధకంతో కలవడం. ఆ నలుపును రుద్ది తీస్తే వెండి కూడా పలుచటి పొరగా దానితోపాటు పోతుంది. భూతద్దంలో చూస్తే రాజు చెంప మీద ఒకే దిక్కుగా వందల సన్నని గీతలు కనిపిస్తాయి. కిరీటం మీది ముత్యాలు, మీసం, చెవి అంచు, అంగీ మీది కుట్టుపని ముందుగా అరిగిపోతాయి. నాణెం ఏ స్థాయిదో తేల్చేవాళ్లు మొదట చూసేది సరిగ్గా ఈ చోట్లనే.

ఆ స్థాయిని బట్టే ధర. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ రూపొందించిన కొలబద్ద ప్రకారం నాణెం 1 నుంచి 70 వరకూ ఏదో ఒక అంకె కిందికి వస్తుంది. 60, ఆపైన ఉన్నవి చేతులు మారని నాణేలు. ఒకే సంవత్సరం, ఒకే టంకశాల రూపాయిలే అయినా అరిగినదానికి, అచ్చు నుంచి అప్పుడే వచ్చినట్టున్నదానికి మధ్య ధర ఎన్నో రెట్లు మారుతుంది. ఏళ్ల తరబడి పెట్టెలో ఉండి నీలం, బంగారు ఛాయలు తిరిగిన రూపాయికి ఎక్కువ ఇచ్చి కొనేవాళ్లున్నారు. దాన్నే తోమితే ‘శుభ్రం చేసినది’ అన్న ముద్ర పడి, ఎంత మెరిసినా ధర పడిపోతుంది. ఈ కొలబద్దకూ టంకశాల అమ్మే ‘ప్రూఫ్’ నాణేనికీ సంబంధం లేదు. ప్రూఫ్ అన్నది కొట్టే పద్ధతి, మెరుగుపెట్టిన అచ్చులతో చేసేది. ప్రూఫ్ నాణెం మీద వేలిముద్రలు పడితే దాని స్థాయి కూడా తగ్గుతుంది.

ధర్మవరంలో పాత పట్టుచీరలు కొనేవాళ్లు జరీలోని వెండికే లెక్క కడతారు, నేతగాడు మగ్గం మీద పోసిన అంచుకు వాళ్ల తూకంలో చోటుండదు. అంగట్లో కరిగించడానికి తీసుకునే రూపాయికి కట్టే లెక్క కూడా అలాంటిదే. ఆచారిని తప్పుపట్టడానికి లేదు, ఆయన కొనేది వెండి. ఆయన చేతికి ఇచ్చేముందు సంవత్సరం, టంకశాల గుర్తు చూసుకోవాల్సింది మనమే.

లంబాడీ తండాల్లో రూపాయిలకు కొక్కెం అతికి హారాలుగా వేసుకునేవారు. టాంకం పడిన నాణేన్ని సేకరించేవాళ్లు దెబ్బతిన్నదాని కిందే లెక్కేస్తారు. అయితే ఆ హారాన్ని విడగొట్టి రూపాయిలుగా అమ్మడం నాకు సమ్మతం కాదు. దాన్ని నగగానే చూడాలి, దాని విలువ ఆ పనితనంలో ఉంది. ఇక కుంకుమ అంటిన రూపాయిని మామూలు నీళ్లలో ముంచి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు, రుద్దకూడదు. పీవీసీ కవర్లలో దాచొద్దు, కొన్నేళ్లకు పచ్చటి జిగట పేరుకుంటుంది.

అపోహ: లక్ష్మీదేవి బొమ్మ ఉన్న వెండి కాసు కూడా నాణెమే

ప్రభుత్వం ముద్రించి, ముఖవిలువ వేసినదే నాణెం. నగల అంగట్లో ధనత్రయోదశికి కొనేది నాణెం ఆకారంలో ఉన్న వెండి బిళ్ల. అమ్మేటప్పుడు దానికి వెండి ధరే, మజూరి తిరిగి రాదు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే సిల్వర్ ఈగిల్ మాత్రం నిజమైన నాణెమే. 1986 నుంచి వస్తోంది, 31.1 గ్రాముల 99.9 శాతం వెండి, ముఖవిలువ ఒక డాలరు. కానీ మామూలు ఈగిల్ ధర కూడా వెండి ధర వెంటే నడుస్తుంది.

ఇటునుంచి అటు తీసుకెళ్లేటప్పుడు ఇంకో సంగతి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. సొంతంగా దేశం దాటించడం నేరం. అమెరికాలోని మనవడికి 1918 రూపాయి కానుకగా పంపాలనుకునేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి.

అపోహ: పెనుకొండ కోటలో రాయలవారి వెండి కుండలు ఉన్నాయి

విజయనగర రాజుల నాణేలు ప్రధానంగా బంగారువి, రాగివి. తారం అనే వెండి నాణెం బహు చిన్నది, దొరకడం అరుదు. కాబట్టి ‘రాయల వెండి రూపాయి’ అని ఎవరైనా చూపిస్తే నమ్మొద్దు. గుప్తనిధుల పిచ్చితో కోట గోడలు, గుళ్లు తవ్వేవాళ్లు చరిత్రను ధ్వంసం చేస్తున్నారు, అంతకు మించి వాళ్లకు దక్కేదేమీ లేదు. పొలం దున్నుతుంటే నిజంగానే నాణేలు బయటపడితే, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన ఏ నిధినైనా కలెక్టరుకు తెలియజేయాలి.

అపోహ: ఆన్‌లైన్‌లో పాత రూపాయికి లక్షలు ఇస్తున్నారు

ప్రకటనలో ఎవరైనా ఎంత అంకైనా వేసుకోవచ్చు, అది అడిగిన ధర మాత్రమే. అసలు ధర తెలియాలంటే పేరున్న వేలం సంస్థల పాత ఫలితాలు చూడాలి. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే స్థాయి నాణెం ఎంతకు అమ్ముడైందో అందులో ఉంటుంది. ఫోన్లో బేరం కుదిరిందని చెప్పి, పన్నో కమీషనో రిజిస్ట్రేషనో పేరుపెట్టి ముందుగా డబ్బు కట్టమంటే అది మోసమే. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నవాళ్ల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. పాత నాణేల క్రయవిక్రయాల్లో తనకు ఏ సంబంధమూ లేదని, తన తరఫున డబ్బు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని అందులో తేల్చి చెప్పింది. నిజంగా కొనేవాడు నాణెం రెండు వైపులా, అంచు కూడా కనిపించే ఫొటోలు, తూకం అడుగుతాడు. డబ్బు ఆయనే ఇస్తాడు.