రక్షకభటులను లెక్క యడుగువా రెవరు?

1854వ సంవత్సరము జూలై 11వ తేదీని లండను నగరమున కామన్సు సభ చెన్నరాజధానిలోని భూమిశిస్తు పద్ధతిని గూర్చి చర్చించెను. తీర్మానమును తెచ్చినవాడు బ్లాకెట్ అను సభ్యుడు. చర్చ శిస్తుతో ప్రారంభమై చిత్రహింసల మీదికి మరలెను. చెన్నరాజధానిలో సర్కారు బాకీలను రాబట్టుటకై రయితులను హింసించుట వాడుకయై యున్నదని డాన్బీ సేమూర్ అను సభ్యుడు నిండుసభలో నిలిచి పలికెను. ఈ దేశమున నుద్యోగములు చేసి, పింఛనులు పుచ్చుకొని, స్వదేశమునకు మరలిపోయిన పెద్దలకు ఆ మాట రుచింపలేదు. తామట్టిది కన్నది లేదు, విన్నది లేదనిరి. ఎవరి మాట నిజమో తేల్చుటకు విచారణసంఘము నొకదానిని నియమింపక తప్పినది కాదు.

సేమూరునకు ఈ సంగతి తెలిపినవా డెవరో మన పాఠకులలో పలువు రెరుగకపోవచ్చును. ఆయన తెనుగువాడు. చెన్నపట్టణమున వర్తకము చేసి ధనమార్జించి, ఆ ధనమును ప్రజాసేవకు వెచ్చించిన గాజుల లక్ష్మీనర్సు శెట్టిగారు. 1844లో "క్రెసెంటు" పత్రికను నెలకొల్పిన వారును, 1852లో చెన్నపట్టణ స్వదేశిసంఘమును స్థాపించిన వారును వీరే. 1853లో సేమూర్ ఈ దేశమునకు రాగా, శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి, రయితుల నోటనే వారి బాధలను వినిపించిరి. కాంగ్రెసు పుట్టుటకు ముప్పది యేండ్లకు పూర్వము, ఓటు లేని ప్రజ, తమది కాని పార్లమెంటులో, తమ పోలీసులను గూర్చి ప్రశ్న వేయించిన వృత్తాంతమిది. దీనిని మన చరిత్రగ్రంథములు ఒకటి రెండు వాక్యములతో దాటిపోవుట మాకు విచారకరము.

విచారణసంఘములో ముగ్గురు సభ్యులుండిరి. ఇలియట్ చెన్నపట్టణమున మేజస్ట్రేటు, స్టోక్సు రివెన్యూ వ్యవహారములు తెలిసినవాడు, జాన్ బ్రూస్ నార్టన్ న్యాయవాది. 1854 సెప్టెంబరులో నియమితులై 1855 ఏప్రిలులో నివేదిక సమర్పించిరి. వారి కందిన ఫిర్యాదులు దాదాపు 2,000. వానిలో అయిదువందలకు పైగా ఫిర్యాదుదారులు తామే స్వయముగా చెన్నపట్టణమునకు వచ్చి చెప్పుకొన్నవి. రైలుబండి యింకను కూయని యా దినములలో, గంజాము నుండియు కడప నుండియు చెన్నపట్టణ మెంతదూరమో పాఠకులే యూహించుకొందురు గాక. రాలేనివారి సంఖ్య ఏ నివేదికకును ఎక్కదు.

ఆ నివేదికలో వర్ణింపబడిన హింసాప్రకారములను చదువుట కష్టము. మనుజుని మెడను కాలివ్రేళ్లతో బిగించి కట్టి, వంగిన వీపుమీద రాయి నెక్కించి, యెండలో గంటల తరబడి నిలుపుదురు. వ్రేళ్లను కొయ్యల నడుమ నిడి నొక్కుదురు. ఈ సాధనమునకు తెనుగు జిల్లాలలో నున్న పేరును కమీషనర్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనిరి, అది మన చిరతయే కాబోలును. భజనలో తాళము వేయు వస్తువు పేరు ఠాణాలో నీ పనికి వచ్చినది! కండ్లలో మిరపపొడి చల్లుదురు. కొబ్బరిచిప్పలో పురుగు నుంచి బొడ్డుమీద బోర్లింతురు. ఇవన్నియు దేనికొరకు? పెక్కుచోట్ల స్వల్పమైన శిస్తుబాకీ కొరకు. తక్కిన చోట్ల దొంగతనము నొప్పించుట కొరకు.

ఇంత ఘోరము ఎట్లు నడిచెనను ప్రశ్నకు కమీషనర్లు చెప్పిన సమాధానము నేటికిని విలువ గలది. 1816వ సంవత్సరపు నిబంధనల వలన పోలీసు అధికారము కలెక్టరునకును, ఆయన క్రింది తాసీల్దారునకును సంక్రమించెను. శిస్తు వసూలు చేయువాడును, నేరస్థుని పట్టువాడును, చిల్లరనేరములకు శిక్ష విధించువాడును ఒక్కడే. వాని బంట్రోతు కొట్టినచో వానితోనే మొరపెట్టుకొనవలెను. ఈ యేర్పాటునకు మూలపురుషుడు మన్రో దొర. దత్తమండలములలో ఆయన పేరును బిడ్డలకు "మన్రోలప్ప" యని పెట్టుకొని మన్నించిరి. ఆ మన్ననకు ఆయన అర్హుడే. సత్పురుషుడు కట్టిన యింటిలోనే ఆయన తరువాత ఈ కిరాతకము కాపురముండినది. అధికారి మంచివాడగుట వేరు, అధికారము మీద అదుపుండుట వేరు.

కాని యీ నివేదికను పొగడి విడుచుట కూడ న్యాయము గాదు. దోషమంతయు దేశీయులగు చిల్లర యుద్యోగులదనియు, ప్రజలు తెల్లదొరలను నమ్మియే యున్నారనియు కమీషనర్లు తేల్చిరి. శిస్తును ఆ మొత్తమునకు నిర్ణయించిన దెవరు? అది రాకున్నచో తాసీల్దారును సంజాయిషీ యడిగిన దెవరు? వసూలైన సొమ్ము ఏ ఖజానాకు చేరినది? ఈ ప్రశ్నలకు నివేదికలో చోటు దొరకలేదు. క్రిందివానిని దండించి పైవానిని కాపాడు విచారణపద్ధతికి మన దేశమున ఆనాడే పునాది పడినదని మా యభిప్రాయము.

ఫలితముగా రివెన్యూ నుండి పోలీసును వేరుచేసి 1859లో చెన్నరాజధానికి 24వ చట్టమును, దాని వెంట 1861లో దేశమున కంతకును 5వ చట్టమును చేసిరి. తాసీల్దారు చేతినుండి లాఠీ తొలగినది, సంతోషమే. అది ప్రజల యదుపులోనికి మాత్రము రాలేదు. 1861వ చట్టము 3వ సెక్షను పోలీసు పర్యవేక్షణమును ప్రభుత్వమునకే అప్పగించెను. 1857 విప్లవపు భయము ఇంకను చల్లారని దినములవి. ఐర్లండులో ప్రజల నణచుటకేర్పడిన దళమే వారికి మాదిరి యైనది గాని, లండను వీథులలో తిరుగు కానిస్టేబులు కాలేదు. 1902లో ఫ్రేజరు దొర యధ్యక్షతను కూర్చుండిన కమీషను పోలీసులు అసమర్థులు, లంచగొండులు, ప్రజాపీడకులని వ్రాసెను. ఆ చట్టముల క్రిందనే మన సత్యాగ్రహుల తలలు పగిలినవి. స్వాతంత్ర్యము వచ్చినది, చట్టములు పోలేదు. 1859వ సంవత్సరపు శాసనమే "ఆంధ్రప్రాంత జిల్లా పోలీసు చట్టము" అను క్రొత్తపేరుతో 2014లో రాష్ట్రము విడిపోవునాటికిని పుస్తకములలో నుండెను. తెలంగాణమువారి సంగతియు భిన్నము కాదు. హైదరాబాదు నగరపు పోలీసు చట్టము నైజాము నాటి 1348 ఫసలీది.

1977లో, అత్యవసర పరిస్థితి కాలమున పోలీసులు చేసిన పనులు ప్రజలకింకను కండ్ల కట్టియుండగా, ధర్మవీరా గారి యధ్యక్షతను జాతీయ పోలీసు కమీషను ఏర్పడెను. 1981 నాటికి ఎనిమిది నివేదికలు వెలువడినవి. వానిలో కానిస్టేబులు కష్టములను గూర్చి వ్రాసిన భాగమును పోలీసులను నిందించువారందరు చదువవలెను. పగలు రేయి యనక పనిచేసి, పైయధికారి యింటి చాకిరియు చేసి, శిక్షణ చాలక, ఎదుగుదల లేక, తాను పడిన యవమానమును ఠాణాకు వచ్చిన పేదవాని మీద తీర్చుకొను మనుష్యుడతడు. అతనిని మరల మనిషిని చేయుటయు సంస్కరణములో నొక భాగమే. ఆ నివేదికలు పదియునైదేండ్లు బీరువాలలో నుండగా, ప్రకాశసింగు గారు, తాము పోలీసు డైరెక్టరు జనరలు పదవి చేసినవారై యుండియు, 1996లో సుప్రీముకోర్టు తలుపు తట్టిరి. 2006 సెప్టెంబరు 22వ తేదీని కోర్టు ఏడు ఆదేశముల నిచ్చెను. పోలీసు పెద్దకు రెండేండ్ల స్థిరమైన పదవీకాలము, నేరపరిశోధనను శాంతిభద్రతల నుండి వేరుచేయుట మున్నగునవి వానిలోనివి. మాకన్నిటికంటె ముఖ్యముగా తోచినది ఫిర్యాదుల ప్రాధికారసంస్థ. పెద్ద యధికారులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమున విశ్రాంత హైకోర్టు లేక సుప్రీముకోర్టు న్యాయమూర్తియు, డిప్యూటీ సూపరింటెండెంటు వరకు గల వారిపై వినుటకు జిల్లాలో విశ్రాంత జిల్లా జడ్జియు అధ్యక్షులుగా నుండవలెనని ఆ యాదేశము.

ఇవి కోర్టు పనులు. చట్టసభ యేమి చేసినది? చిత్రహింసల నిషేధమునకై ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికపై భారతప్రభుత్వము 1997 అక్టోబరు 14వ తేదీని సంతకము చేసినది. సంతకము చేసినంతనే చాలదు. దాని ననుసరించి చట్టము చేసి, ఒడంబడికను ధ్రువపరుపవలెను. పదుమూడేండ్లకు, 2010 మే 6వ తేదీని, లోకసభ చిత్రహింసల నివారణ బిల్లు నంగీకరించినది. ఆ బిల్లు నుద్దేశించి మేము సంతోషింపజాలము. ఫిర్యాదు ఆరునెలలలోపల చేయవలెనట! విరిగిన యెముక అతుకుకొనుటకును, భయము తీరుటకును, వకీలు దొరకుటకును ఆరునెలలు చాలునా? ప్రాణమునకో, అవయవమునకో, ఆరోగ్యమునకో ముప్పు కలిగినగాని, తీవ్రమైన గాయము తగిలినగాని అది చిత్రహింస కాదట! రాత్రియంతయు నిద్రలేక నిలువబెట్టుటను ఏమందుము? అన్నింటికి మించి, ఉద్యోగిపై కేసును కోర్టు గ్రహించుటకు ముందు ప్రభుత్వపు అనుమతి కావలెనట! ఎవరి యాజ్ఞకు లోబడి భటుడు పనిచేసెనో, వారి సెలవు పొంది వానిపై ఫిర్యాదు చేయుట! 1816 నాటి తాసీల్దారు మరియొక వేషముతో వచ్చి కూర్చుండినాడు.

రాజ్యసభ కొంత మేలు చేసినది. బిల్లును సెలెక్టు కమిటీకి పంపగా, ఆ కమిటీ 2010 డిసెంబరులో నివేదిక నొసంగి, ఆరునెలల గడువును రెండేండ్లకు పెంచవలెననుట మున్నగు సవరణలు సూచించెను. అటుపిమ్మట ఆ బిల్లు మరల వెలుగు చూడలేదు. 2014లో లోకసభ రద్దగుటతో కాలధర్మము నొందినది. 2017 అక్టోబరులో లా కమీషను తన 273వ నివేదికతో క్రొత్త చిత్తుబిల్లును జతచేసి ప్రభుత్వమునకు పంపెను. 2019లో ఈ విషయము సుప్రీముకోర్టు ముందునకు రాగా, చట్టము చేయుమని పార్లమెంటును శాసించుట తమ పని కాదని కోర్టు పలికెను. ఆ మాట సమంజసమే. ఇట్లు భారమంతయు మరల సభ్యుల మీదనే పడినది.

చట్టములేవియు లేవని మేమనుట లేదు. పోలీసుల యెదుట ఒప్పుకొన్న నేరము సాక్ష్యముగా చెల్లదన్న నియమము 1861 నాటిది. 1872 సాక్ష్యచట్టమున 25వ సెక్షనుగా నిలిచి, 2024 జూలై 1వ తేదీ నుండి భారతీయ సాక్ష్య అధినియమమున 23వ సెక్షనుగా సాగుచున్నది. ఠాణాలలో కెమెరాలు పెట్టవలెనని 2020 డిసెంబరులో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. కాని కెమెరా త్రిప్పువాడు ఠాణావాడే. ఆ చిత్రము నడుగుటకు పోవలసినదియు ఠాణాకే.

ఒక పోలిక మనస్సును పీడించుచున్నది. పరాయి పార్లమెంటులో ప్రశ్న లేచిన రెండుమాసములలో విచారణసంఘము కూర్చుండినది, ఏడాది తిరుగకుండ నివేదిక వచ్చినది, అయిదేండ్లకు చట్టమైనది. అది ప్రజాప్రేమ యని మేము భ్రమపడము. కుంపిణీ చేతినుండి అధికారమును లాగికొనదలచిన వారికి ఆ నివేదిక పనికివచ్చినది. మన పార్లమెంటు మనది. దానిలో ఏ పక్షమువారు ప్రతిపక్షమున కూర్చుండినను పోలీసు దౌర్జన్యమును గూర్చి గొంతెత్తుదురు. అధికారమునకు వచ్చినంతనే పోలీసుల ధైర్యము సడలునని చెప్పుదురు. స్థలము మారగా మాట మారుటను ఏడు దశాబ్దములకు పైగా ప్రజలు చూచుచునే యున్నారు.

లక్ష్మీనర్సు శెట్టిగారు తమ యాస్తినంతయు ప్రజాకార్యములకు వ్యయపరచి 1868లో పేదవారై మరణించిరి. చెన్నపట్టణమునకు నడిచిపోయి ఫిర్యాదు చేసిన రయితుల పేర్లు మనకు తెలియవు. 2006వ సంవత్సరపు ఆదేశము ప్రకారము అట్టి రయితు నేడు జిల్లాకేంద్రము దాటి పోనక్కరలేదు. కనుక మా పాఠకులను ఒక్కటి కోరుచున్నాము. మీ జిల్లాలో పోలీసులపై ఫిర్యాదుల ప్రాధికారసంస్థ యున్నదా, యున్నచో దాని కార్యాలయము ఏ వీధిలో నున్నది, దానికి న్యాయమూర్తి యధ్యక్షుడుగా నున్నాడా, గత సంవత్సరమున ఎన్ని ఫిర్యాదులు విన్నది, ఎంతమందిని విచారించినది — ఈ అయిదు సంగతులను కనుగొని, మీ శాసనసభ్యుని ఆ సభలో అడుగుమనుడు.