ఆరోగ్య మనస్తత్వ పత్రికకు పరిశోధనా వ్యాసం పంపే విధానం

మన సరిహద్దు పల్లెల్లో ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో నడుస్తుంది. అటువంటి ఇళ్ల పిల్లలు కొందరు నేడు మనస్తత్వశాస్త్రం, నర్సింగ్ వంటి విషయాలలో పరిశోధన దాకా వెళుతున్నారు. పరిశోధన ముగిసిన పిమ్మట దానిని పత్రికకు పంపే విధానం ఇంటి పెద్దలకు కూడా కొంత తెలిసి ఉండడం మంచిది. రుసుము కట్టవలసి వస్తే పిల్లలు అడిగేది వారినే కదా!

రోగి మందులు మధ్యలో ఎందుకు మానివేస్తాడు, హాని అని తెలిసీ పొగాకును ఎందుకు వదలలేడు, దీర్ఘవ్యాధి ఇంటిల్లిపాదినీ ఎట్లా కుంగదీస్తుంది అనేవి ఈ శాస్త్రం పరిశీలించే విషయాలు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి 'హెల్త్ సైకాలజీ' 1982 నుండి, 'జర్నల్ ఆఫ్ హెల్త్ సైకాలజీ' 1996 నుండి వెలువడుతున్నాయి.

మొదటి మెట్టు అధ్యయనానికి ముందే ఉంది. మనుషులపై జరిపే పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి ముందుగా పొందాలి. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో వివరాలు తెలిపి సమ్మతి తీసుకోవాలి. మనకు ఇది అతి ముఖ్యం. రాష్ట్ర భాషలో అచ్చయిన ప్రశ్నావళిని తెలుగింటి అవ్వ ముందు పెడితే, ఆమె మర్యాద కొద్దీ తల ఊపుతుంది. ఆ తల ఊపే లెక్కలోకి ఎక్కుతుంది. కావున ప్రశ్నలను తెలుగులోకి మార్చి, మూలం చూడని మరొకరిచేత తిరిగి మూలభాషలోకి మార్పించి, రెంటినీ సరిపోల్చాలి. దిగులు, బెంగ, భయం ఒకటి కావు. అనుసరించిన పద్ధతిని వ్యాసంలో స్పష్టంగా రాయాలి.

వ్యాసానికి సంగ్రహం, పద్ధతి, ఫలితాలు, చర్చ అనే భాగాలుంటాయి. ఒక వ్యాసాన్ని ఒక కాలంలో ఒకే పత్రికకు పంపాలి. పత్రిక కోరితే రచయితల పేర్లు తొలగించిన ప్రతిని ఇవ్వాలి. సంపాదకులు తగినదని భావిస్తే ఆ రంగపు నిపుణులకు పరిశీలనకు పంపుతారు. ఇందుకు నెలలు పట్టవచ్చు. నిపుణుల అభ్యంతరాలు ఒక్కొక్కదానికీ జవాబు రాసి, సవరించిన ప్రతిని పంపాలి. తిరస్కరణ సర్వసాధారణం, అది అవమానం కాదు.

ఇంత పరిశీలన ఎందుకు? ప్రఖ్యాత మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్, సహరచయితతో కలిసి, క్యాన్సర్ మరణాలకు పొగాకు కంటే వ్యక్తిత్వమే బలమైన సూచిక అని రాశారు. పొగాకు కంపెనీల ధనం కూడా ఆయనకు అందింది. ఆయన మరణించిన చాలా కాలానికి, 2019లో, కింగ్స్ కాలేజ్ లండన్ విచారణ ఆ జంట వ్యాసాలు నమ్మదగినవి కావని తేల్చింది. 2020లో పలు వ్యాసాలను పత్రికలు ఉపసంహరించాయి. నిధులు ఎవరిచ్చారో చెప్పమని పత్రికలు అడగడంలోని అర్థం ఇదే.

చివరగా ఒక హెచ్చరిక. చందా పత్రికలు సాధారణంగా వ్యాసం పంపినందుకు రుసుము అడగవు. అందరికీ ఉచితంగా చదువనిచ్చే పత్రికలు అనేకం ఆమోదం తర్వాత రుసుము తీసుకుంటాయి. పరిశీలన లేకుండా, సొమ్ము కట్టగానే మూడు రోజులలో అచ్చు వేస్తామనే పత్రికను నమ్మరాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం తన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది. కావున మంచి పత్రికను ఎంచుకునే బాధ్యత ఇప్పుడు విద్యార్థిది, మార్గదర్శకునిది. డబ్బు పంపే ముందు పెద్దలు ఒక్క మాట అడగండి: "ఈ వ్యాసాన్ని ఎవరు చదివి సరిచూశారు?"